ఆమె ఎక్కితేనే ఆగే బండి

పెళ్లైన కొత్తలో మాకొక పాత మోటార్ సైకిల్ ఉండేది. విజయవాడ వన్ టౌన్‌లో కాపురం, కొండపల్లి బడిలో నాకు మాస్టారు ఉద్యోగం. వారమంతా నన్ను పేచీ లేకుండా తిప్పిన బండి, ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక నా భార్యను ఎక్కించుకుని కూచిపూడి దగ్గరున్న అత్తగారి ఊరికి బయలుదేరితే మాత్రం మొరాయించేది. లైటు వెలిగేది, హారన్ మోగేది, ఇంజను మాత్రం ఠక్కున ఆగిపోయేది. ఇద్దరం దిగి కిక్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. కొంతదూరం పోయాక మళ్లీ అదే వరస.

ఇంజను చల్లబడాలేమోనని కాలవగట్టున కూర్చునేవాళ్లం. పెద్దలు కుదిర్చిన పెళ్లి మాది. మా మధ్య మాటలు మొదలైంది అక్కడే. చీర కుచ్చిళ్లకు అంటుకున్న గడ్డిముళ్లు ఒక్కొక్కటే ఏరుకుంటూ, తను నర్సింగ్ చదివిన రోజుల కబుర్లు చెప్పేది. అవి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాలవ నీటి వాసన తగులుతుంది.

మా వీధి మెకానిక్ పెద్దాయన. ప్లగ్గు మార్చారు, బ్యాటరీ మార్చారు. తానే బండెక్కి ఓ చుట్టు తిరిగొచ్చి, "బంగారంలా ఉందండీ మాస్టారూ" అనేవారు.

ఒక ఆదివారం బండి మూడోసారి ఆగినప్పుడు నా భార్య, "ఏవండీ, ఇది నేనెక్కితేనే ఆగుతోంది, గమనించారా?" అంది.

"అయితే నువ్వు కాస్త సన్నబడాలి" అని నవ్వాను.

తను నవ్వలేదు. మరుసటి ఆదివారం బస్సెక్కింది. నేను బస్సు వెనకాలే బండి మీద వెళ్లాను. కిటికీలో తన జడ కనిపిస్తూనే ఉంది, తను మాత్రం ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. దారి పొడుగునా బండి కూడా ఒక్కసారీ ఆగలేదు. తను చెప్పింది నిజమని, నేనన్నది ఎంత తెలివితక్కువ మాటో అని అప్పుడు తెలిసొచ్చింది.

సోమవారం సాయంత్రం, "మెకానిక్ దగ్గరికి నువ్వూ రావాలి" అని బతిమాలాను. వచ్చింది.

"బాబాయిగారూ, వెనక మనిషి బరువు పడితేనే ఆగుతోందండీ. సీటు కిందేమైనా ఉందేమో చూడండి" అంది ఆయనతో.

పెద్దాయన ఇంజను స్టార్ట్ చేసి, వెనక సీటు మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కారు. ఇంజను ఆగిపోయింది. చేతులు తీసి కిక్ కొడితే అందుకుంది. సీటు విప్పి చూస్తే, ఇంజను ఆపే స్విచ్చి తాలూకు సన్నని వైరు ఇనుప ఫ్రేముకి ఒరుసుకుని, పైతొడుగు అరిగి, రాగి తీగ బయటపడి ఉంది. సీటు కుంగినప్పుడల్లా అది ఫ్రేముకి తగిలి, స్విచ్చి నొక్కినట్టే ఇంజను ఆగిపోతోంది.

"ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే నడిపి చూశానమ్మా. అదీ నా పొరపాటు" అన్నారాయన చిన్నబోతూ. వైరుకి టేపు చుట్టి, పక్కకి తప్పించి కట్టారు.

ఆ ఆదివారం ఎక్కడా ఆగకుండా ఊరు చేరాం. అత్తగారు గరిటతోనే వాకిట్లోకి వచ్చి, "ఇంత పెందలాడే వచ్చేశారేంటి బాబూ, కూర ఇంకా పొయ్యి మీదే ఉంది!" అని కంగారుపడ్డారు.

"బండి బాగైందండీ" అన్నాను. నా భార్య చెప్పులు విప్పుతూ నా వైపు చూసింది. "మీ అమ్మాయే కనిపెట్టింది. ముందే చెప్పినా నేనే వినిపించుకోలేదు" అన్నాను.

సన్నబడమన్న రెండు వారాలకి, అప్పుడు తను మళ్లీ నవ్వింది.