ఎట్ల తెలుసు సారు

జ్ఞానప్రకాశం సారుకు తాగుడు లేదు, పేకాట లేదు, వక్కపొడి కూడా నోట్లో వేసుకోడు. ఉన్నదల్లా ఒకే ఒక్క దురలవాటు. విద్యార్థులు రాసిచ్చింది చదువుతాడు.

నంద్యాలలో ఆయన అర్థశాస్త్రం చెప్పే డిగ్రీ కాలేజీలో ఇంకెవరికీ ఈ జబ్బు లేదు. అక్కడ చదివే ప్రతి ఒక్కరూ సెలవుల్లో ఏదో ఒక ఊరికి పోయి, ఇల్లిల్లూ తిరిగి, ప్రశ్నలడిగి, జవాబులు ఫారాల్లో నింపుకుని, వాటిని లెక్కగట్టి ఒక ప్రాజెక్టు రిపోర్టు రాసివ్వాలి. అది ఇవ్వకపోతే డిగ్రీ చేతికి రాదు. మిగతా లెక్చరర్లు రిపోర్టును చేత్తో తూచి, అట్ట మీద పేరు చూసి, చివరి పేజీలో సంతకం పెడతారు. కామర్స్ ప్రభాకర్ సారు టీ చల్లారేలోపు నలభై రిపోర్టులు ముగించిన రోజులున్నాయి. జ్ఞానప్రకాశం సారు మాత్రం ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదువుతాడు. తనవి అయిపోతే, పక్కవాళ్ళు సంతకం పెట్టి మూలన పడేసినవి కూడా సంచిలో వేసుకుని ఇంటికి మోసుకుపోతాడు. చదువుతూ ఆకుపచ్చ సిరాతో పక్కన రెండే మాటలు రాస్తాడు: "ఎట్ల తెలుసు?"

"గ్రామ ప్రజలు అమాయకులు" అని రాస్తే, ఎట్ల తెలుసు? "యువత సెల్‌ఫోన్ల వల్ల చెడిపోతున్నారు" అంటే, ఎట్ల తెలుసు? ఎంతమందిని అడిగినావు? సెల్‌ఫోన్లు రాకముందు ఎట్లుండిరి? "పల్లెలే దేశానికి పట్టుకొమ్మలు" అని ఒక అమ్మాయి ముచ్చటగా మొదలుపెడితే దాని కింద కూడా ఆకుపచ్చ సిరా పడింది. పిల్లలు ఆయన అసలు పేరు మానేసి "ఎట్ల తెలుసు సారు" అనడం మొదలుపెట్టారు.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకరోజు భార్య ఎలిజబెత్, "చారు ఎట్లుంది?" అని అడిగింది.

"బాగుంది. అయితే ఒక్క మనిషి మాట మీద ఏం తేల్చలేం."

"పోనీ, నిన్నటి కంటే మేలా?"

"నిన్నటిది రవ్వంత దాచిపెట్టింటే పోల్చి చెప్తుంటి."

ఆ తర్వాత ఆమె చారు గురించి అడగలేదు. ఆయనా ఫిర్యాదు చేయలేదు.

ఒక ఆదివారం పాస్టరు గారు, ఐదు రొట్టెలు రెండు చేపలతో ఐదు వేలమందికి కడుపునిండా పెట్టిన అద్భుతం గురించి గంటన్నర ప్రసంగించి బయటికొచ్చేసరికి, గుమ్మం దగ్గర సారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అయ్యగారూ, ఆ ఐదు వేలు మగవాళ్ళ లెక్కే గదా. ఆడోళ్ళను, పిల్లల్ని లెక్కపెట్టలేదు. మిగిలిన ముక్కల గంపలు మాత్రం పన్నెండని కచ్చితంగా లెక్కపెట్టినారు."

"అయితే ఏమంటావు జ్ఞానప్రకాశం?"

"ఏమంటా అయ్యగారూ, అద్భుతం మనం అనుకున్నదానికంటే పెద్దది అంటాండా."

కోప్పడాలో సంతోషించాలో తేలక, పాస్టరు గారు ఆయన తల మీద చేయిపెట్టి చిన్న ప్రార్థన చేసి పంపించారు.

ఈ చదివే అలవాటు వల్ల అందరికంటే ఎక్కువ తిప్పలు పడినవాడు సురేష్. కాలేజీ గేటుకు ఎదురుగా జెరాక్స్, నెట్ సెంటరు అతనిది. రేషన్ కార్డులకూ పింఛన్లకూ వేలిముద్రలు వేయించే మిషన్ కూడా ఉంది. మూడేళ్ళ కిందట సురేష్ కూడా ఆ కాలేజీలోనే చదివాడు. నాయనకు ఒంట్లో బాగాలేకపోయేసరికి చివరి ఏడాది షాపులో కూర్చున్నాడు. అన్ని పరీక్షలూ ఎలాగో పాసయ్యాడు గానీ, ఊరు తిరిగి రాయాల్సిన ఆ ప్రాజెక్టు రిపోర్టు ఒక్కటే మిగిలిపోయింది. "డిగ్రీ అయిందాప్పా?" అని ఎవరైనా అడిగితే, "ఒక్కటుండాది" అని నవ్వేవాడు. నవ్విన ప్రతిసారీ లోపల కలుక్కుమనేది.

తనది రాసుకోలేని సురేష్ ఇతరులకు మాత్రం నూట నలభై రాశాడు. రాయడమంటే పెద్ద కష్టమేం కాదు. కోస్తా వైపు ఎవరో రాసిన రిపోర్టును నెట్‌లోంచి దించుకున్నాడు. ఊరి పేరు మారుస్తాడు, అచ్చు తీస్తాడు, అట్ట వేస్తాడు. శాతాలు చూపించే గుండ్రటి రంగుల బొమ్మ అన్నిటికీ ఒకటే. అందులో పెద్ద ముక్క అరవై రెండు శాతం. కాబట్టి డోన్‌లో అరవై రెండు శాతం మంది పొదుపు చేసేవాళ్ళు, పగిడ్యాలలో అరవై రెండు శాతం మంది పత్రికలు చదివేవాళ్ళు. ఒకే సరుకు పదే పదే అచ్చేసి విసుగుపుట్టి, ఇరవై మూడో పేజీలో మాత్రం ఒక పేరా సొంతంగా రాసేవాడు. షాపుకొచ్చే జనాన్ని చూసి తోచిందేదో రాసేవాడు. ఎక్కువగా చదవకుండా సంతకం పెట్టేవాళ్ళ పిల్లలకే రాస్తాడు గనక, ఎవడు చదువుతాడులే అనుకునేవాడు.

చదివేవాడు ఉన్నాడని సముద్రం వల్ల తెలిసింది. సంజామల దగ్గరి ఒక పల్లె మీద సురేష్ ఒక పిల్లవాడికి రాసిచ్చిన రిపోర్టులో, "ఈ గ్రామంలో అరవై రెండు శాతం మంది సముద్రపు చేపల వేటపై ఆధారపడి జీవిస్తున్నారు" అని ఉంది. పక్కన ఆకుపచ్చ సిరా: "సంజామలకు సముద్రం ఎప్పుడొచ్చింది?" సారు అంతటితో ఊరుకోలేదు. ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి ఆ పల్లెకు పోయి, సాయంత్రం తిరిగొచ్చి దాని కింద ఇంకో రెండు వరుసలు రాశాడు: "పోయి అడిగినా. చెరువు కాడ గాలం వేసేటాయన ఒకడుండాడు. ఆయనకూ ఏం పడడంలేదంట."

ఆ పిల్లవాడు రిపోర్టు తెచ్చి సురేష్ బల్ల మీద పడేశాడు. "ముందు ఆ సముద్రం తీసెయ్యన్నా."

సురేష్ సముద్రం తీసేశాడు. సారు ఆ మరుసటి వారం నుంచి, రిపోర్టుతో పాటు ఊళ్ళో నింపుకొచ్చిన ఫారాలు కూడా చూపించాలన్నాడు. సురేష్ దానికీ వెనకాడలేదు. నాలుగు రకాల పెన్నులు తెచ్చాడు. కొన్ని కుడిచేత్తో, కొన్ని ఎడమచేత్తో నింపాడు. సహజంగా ఉండాలని రెండిటి మీద టీ ఒలకబోశాడు. సంతకం రాని కూలీల కోసం వేలిముద్రలు వేశాడు. ఫెబా అనే రెండో సంవత్సరం అమ్మాయికి అలా ముప్పై ఫారాలు తయారుచేసి, తన పనితనానికి తానే మురిసిపోయాడు.

మూడో రోజు జ్ఞానప్రకాశం సారు స్వయంగా షాపు మెట్లెక్కాడు. వెనకాల ఫెబా తల వంచుకుని ఉంది.

"ఏమప్పా సురేష్, ఈ పాప పోయినూర్లో ముప్పై ఇండ్లోళ్ళకూ బొటనవేలి మీద ఒకే చోట గాటుండాది. ఏదన్నా అంటువ్యాధేమోనని నాకు భయమేసింది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సురేష్ బొటనవేలు జేబులో దాచుకున్నాడు. ఆ వేలు పోయినేడు కాగితాలు కోసే కత్తికి తెగింది.

"నాకేం తెలుసు సార్?"

"పోనీలే. ఇంకో అనుమానం. ముప్పై ముద్రలూ గీత గీతా కనపడేటట్టు పడినాయి. కూలికి పోయేవాళ్ళవి అట్ల పడతాయా? వాళ్ళ వేళ్ళు అరిగిపోయింటాయి. పింఛను కోసం ఒక అవ్వ నాలుగు దినాలు తిరిగినా మిషన్ ఆమె వేలు ఒప్పుకోలేదంట. యాభై ఏండ్లు కలుపు తీసిన చేతిని మనిషిది కాదని మిషన్ చెప్తాంటే ఆమె నవ్విందంట."

"మహాలక్ష్మవ్వ సార్. పగిడ్యాలామె. నిజంగానే నవ్వింది" అన్నాడు సురేష్ ఆగలేక.

"ఎట్ల తెలుసు?"

"నా షాపులోనే గదా సార్ జరిగింది. నేనే గదా రాసి..." అని నాలుక కరుచుకున్నాడు.

సారు సంచిలోంచి ఒక లాంగ్ నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. సురేష్ భయం భయంగా తెరిచాడు. షాపు మీద ఫిర్యాదు ఉంటుందనుకుంటే, లోపల వరుసగా తన మాటలే ఉన్నాయి. తను రాసిచ్చిన రిపోర్టుల ఇరవై మూడో పేజీలు, ఆకుపచ్చ సిరాతో, పొందికైన అక్షరాలతో ఎత్తి రాసి ఉన్నాయి. ఒక్కదాని పక్కన కూడా "ఎట్ల తెలుసు?" లేదు.

"ఇరవై రెండు పేజీలు అబద్ధం" అన్నాడు సారు. "ఇరవై మూడో పేజీకొచ్చేసరికి ఎవరో ఒక మనిషి మాట్లాడతాండాడు. యాడోడబ్బా ఈడు అని రెండేండ్లుగా వెతుకుతాండా. మొత్తం నూట ముప్పై ఎనిమిది."

"నూట నలభై సార్" అన్నాడు సురేష్, ఎందుకన్నాడో తనకే తెలియదు.

"రెండు నాకు దొరకలేదు."

సురేష్‌కు సిగ్గు, సంతోషం ఒకేసారి కలిగాయి. తను సొంతంగా రాసింది ఒకరు చదివారన్న మాట అతను జీవితంలో అదే మొదటిసారి వినడం. అంతలో సారు ఇంకో కాగితం తీశాడు.

"పాత బ్యాచోళ్ళకు ఇదే ఆఖరి అవకాశం. నెలాఖరు లోపల ప్రాజెక్టు ఇస్తే డిగ్రీ. లేకుంటే మూడేండ్ల చదువూ గంగలో కలిసినట్టే. నీదొక్కటే మిగిలుండాది."

"మీకెట్ల తెలుసు సార్?"

"ఆఫీసుకు పోయి అడిగినా" అన్నాడు సారు, ఇందులో అడగడానికేముందన్నట్టు. "ఇంతమందికి రాసినావు. నీదొకటి రాయి. పోయి అడిగి రాయి. ఫెబా, నువ్వూ బేగా పోమ్మా. ఈసారి నీ ఫారాల మీద వేరే వేళ్ళుండల్ల."

నెలాఖరుకు పన్నెండు రోజులుంది. సురేష్ షాపు మూసి, నలభై ఫారాలు తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. రాతి విగ్రహాలు చెక్కే ఇళ్ళలో ఎంతమంది ఆ పని మీద ఉన్నారో తేల్చడం అతను ఎంచుకున్న విషయం. రెండు రోజుల్లో ఇరవై ఆరు ఫారాలు నిండాయి. అడగడం ఇంత సులభమైతే ఇన్నాళ్ళూ ఎడమచేత్తో ఎందుకు రాశానా అనిపించింది.

ఇరవై ఏడో ఇల్లు శేషయ్యది.

"మీ ఇంట్లో పని చేసేవాళ్ళు ఎంతమందన్నా?"

"నేనూ, మావాడూ. ఇద్దరని రాసుకో."

రాసుకోబోతూ సురేష్ తలెత్తాడు. శేషయ్య వెనకాల ఒకామె నీళ్ళు చల్లి నంది మూపును నున్నగా రుద్దుతోంది.

"అక్క?"

"మా ఇంటామె రంగమ్మ. ఆమెదేముందిలేప్పా, ఊరికే రుద్దుతాంటాది."

"ఎన్నాళ్ళ నుంచక్కా?"

రంగమ్మ చేయి ఆపలేదు. "పెండ్లయిన కాడ్నుంచి. ముప్పై నాలుగేండ్లుగా ఊరికే రుద్దుతాండా. నేను రుద్దకుంటే ఆ నందిని ఎవరు తీసుకుంటారో ఆయన్నే అడుగు."

శేషయ్య ఉలి వైపు శ్రద్ధగా చూడసాగాడు.

సురేష్ ఫారం మడిచి అరుగు మీద కూర్చుండిపోయాడు. నిండిన ఇరవై ఆరు ఫారాల్లో ఒక్క ఆడమనిషి లేదు. తను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఇరవై ఆరిళ్ళకూ మళ్ళీ పోయాడు. "మళ్ళీ వచ్చినావేందప్పా?" అంటే, "ఆడోళ్ళను లెక్కపెట్టలేదు" అన్నాడు. ఆ మాట వినగానే చాలా ఇళ్ళలో లోపలి నుంచి మంచినీళ్ళు, రెండిళ్ళలో తినడానికి బొరుగులు కూడా వచ్చాయి.

అంతా అయ్యాక రాత్రి లెక్కగట్టి సురేష్ తల పట్టుకున్నాడు. ఆడవాళ్ళు రాతిపని చేసే ఇళ్ళు నలభైలో ఇరవై ఐదు. అంటే అరవై రెండున్నర శాతం. మూడుసార్లు లెక్కపెట్టినా అంతే వచ్చింది. చచ్చీ చెడీ నిజం తెస్తే అది కూడా దొంగలెక్క లాగే ఉంది. యాభై ఎనిమిది అని రాస్తే ఎవరైనా నమ్ముతారు. పెన్ను ఎత్తాడు కూడా. ఇరవై ఐదిళ్ళలో ఏ ఇంటిని కొట్టేయాలో తేలక, అరవై రెండున్నర అనే రాశాడు.

గడువుకు నాలుగు రోజుల ముందు, శనివారం, రిపోర్టు సారు చేతికిచ్చాడు. సారు పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆ అంకె దగ్గర ఆగాడు. సురేష్ వైపు చూశాడు. రిపోర్టు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం సురేష్ ఇరవై ఐదిళ్ళనూ వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున్నే సారు షాపుకొచ్చాడు. చెప్పుల నిండా రాతిపొడి.

"పోయి అడిగినా" అన్నాడు.

"నలభై ఇండ్లూనా సార్?"

"ముప్పై తొమ్మిది. ఒకాయన శ్రీశైలం పోయినాడు. నీ లెక్క సరిగ్గానే ఉండాది. అయినా అరవై రెండు మీద ఆ అరను చూసినప్పుడే నమ్మినా. దొంగలెక్కల్లో అరలుండవు. ఒకామె నాకు బొరుగులు కూడా పెట్టింది. మొన్న వచ్చిన పిల్లోడు మంచోడనింది."

"మరి సంతకం సార్?"

"ఒక్క చోట అనుమానముండాది" అని సారు మొదటి పేజీ తెరిచాడు. అది కృతజ్ఞతల పేజీ. తల్లిదండ్రులకూ, ప్రిన్సిపాలు గారికీ వందనాలయ్యాక సురేష్ ఒక వాక్యం సొంతంగా రాసుకున్నాడు: "ఈ కాలేజీలో పిల్లలు రాసింది చదివే మనిషి ఒక్కరే ఉన్నారు." దాని పక్కన ఆకుపచ్చ సిరా: "ఎట్ల తెలుసు?"

సురేష్ నవ్వుతూ సారు జేబులోంచి ఆ పెన్నే తీసుకుని కింద రాశాడు: "నూట నలభై రాసి చూసినా సార్."

సారు కళ్ళజోడు సర్దుకుని చదివాడు. నూట నలభైని కొట్టేసి నూట ముప్పై ఎనిమిది అని దిద్ది, సంతకం పెట్టాడు.