నేను అందుకోని పాట

ఆఫీసు నుంచి ఇంటికి వస్తున్న ఒక సాయంత్రం ఫ్లైఓవర్ మీద బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. కారులో ఫోన్ తనంతట తానే ఒక ఇంగ్లీషు పాట మొదలుపెట్టింది. ముందు వయొలిన్, తర్వాత చర్చి గంట, ఆ వెనక గిటార్ల హోరు. ఆ పాట విని ఇరవై ఏళ్లు దాటింది. అయినా ఆడగొంతు ఎక్కడ అందుకోవాలో నా గొంతుకు గుర్తుంది. ఒక్క మాట తప్పకుండా పాడేశాను.

పక్క సీట్లో మా ఆయన ఉన్నారు. ఆయనది ప్రభుత్వోద్యోగం, సొంతూరు సంగారెడ్డి వైపు. ఆ రోజు శేరిలింగంపల్లిలో ఏదో పని ముగించుకుని నా ఆఫీసు దగ్గర కారెక్కారు. నేనలా గొంతెత్తి పాడటం ఆయన ఎన్నడూ వినలేదు.

"మంచిగ పాడుతున్నవ్ గని, ఆమె గింత మంచిగ పాడుతుంటే మధ్యల ఆయనెందుకు గట్ల మొత్తుకుంటుండు?" అనడిగారు.

"ఆయన చచ్చిపోయాడండి. ఆ అమ్మాయి ఆయన సమాధి దగ్గరికెళ్లి పిలుస్తుంది. మట్టిలోంచి ఆయన బదులిస్తున్నాడు."

"అట్లనా. పాపం, అంత లోపటికెళ్లి ఇనవడాలంటే మొత్తుకోవాల్సిందే మరి."

నవ్వొచ్చింది. మళ్లీ పెట్టమన్నారు. నార్సింగి చేరేదాకా అదే పాట విన్నాం.

ఆ పాట గురించి ఆయనకు అప్పటిదాకా చెప్పలేదు. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు కోసం తెనాలి నుంచి వచ్చి మాదాపూర్‌లో లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. కింద ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అక్కడ ఆ పాట డౌన్‌లోడ్ అవడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది, సగంలో కరెంటు పోతే మళ్లీ మొదటికొచ్చింది. నాకప్పుడు ప్రేమా లేదు, ప్రియుడూ లేడు. నన్ను కట్టిపడేసింది ఆ అమ్మాయి గొంతు. ఏడుస్తూ కూడా అంత ధైర్యంగా పాడొచ్చని నాకు తెలియదు. నేను చదివింది తెలుగు మీడియం. ఆపి ఆపి వింటూ ఆమె పలికినట్టే పలికి నేర్చుకున్నాను. మొదటి ఇంటర్వ్యూలో నా ఇంగ్లీషు బాగుందన్నారు. అది కోచింగులో వచ్చింది కాదు, ఆ పాటలోంచి వచ్చింది. ఉద్యోగంలో చేరాక ఎవరో దాన్ని దయ్యాల పాటని ఎగతాళి చేస్తే, ఇక ఎవరి ముందూ దాని ఊసెత్తలేదు.

మా ఆయన మాత్రం ఆ పాటను వదల్లేదు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో యక్షగానంలో రాక్షసుడి వేషం వేశారట. ఆ గొంతు బయటికి తీశారు. పొద్దున కుక్కర్ కూతల మధ్య, వంటింట్లో నిలబడి మట్టిలోంచి బదులిచ్చేవారు. నేను కూరగాయలు తరుగుతూ నా భాగం అందుకునేదాన్ని. పెళ్లయి ఇన్నేళ్లలో మేం కలిసి ఏదైనా నేర్చుకున్నది అదొక్కటే. ఆయన కోసం ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను.

మా అపార్ట్‌మెంట్ వార్షికోత్సవంలో పాడదామన్నది కూడా ఆయనే. నేనూ సరేనన్నాను. ఇద్దరం నల్లబట్టలు కుట్టించుకున్నాం.

క్లబ్ హౌస్ ముందు పచ్చికలో స్టేజీ వేశారు. మా ముందు పిల్లలు సినిమా పాటలకు డాన్సు చేశారు. మా పేరు పిలిచాక స్టేజీ ఎక్కి చూస్తే, రెండో వరసలో మా ఆఫీసు డైరెక్టర్, పక్కన ఆయన భార్య. మా అపార్ట్‌మెంట్‌లోకి ఈమధ్యే వచ్చారని నాకు తెలియదు.

వయొలిన్ అయింది, గంట మోగింది. మా ఆయన గొంతు విప్పారు. ముందు వరసలో పిల్లలు కిలకిలమన్నారు. అక్కడిదాకా బాగానే ఉన్నాను. ఆ తర్వాత సమాధి అనే మాట వచ్చింది. 'గ్రేవ్' అనాల్సింది ఆయన 'గిరేవ్' అన్నారు. వంటింట్లో రోజూ అలాగే అనేవారు, నాకెప్పుడూ తప్పనిపించలేదు. డైరెక్టర్ తన భార్యవైపు వంగి ఏదో అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. అది మా గురించేనో కాదో ఇప్పటికీ తెలియదు.

నా వంతు వచ్చింది. మైకు నోటిదాకా ఎత్తలేదు.

నేను తప్పిపోయాననుకుని ఆయన తన చివరి మాటలు మళ్లీ పాడారు, నేను అందుకోవడానికి వీలుగా. అప్పుడూ అందుకోలేదు. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, నా భాగం కూడా తానే పాడేశారు, అదే రాక్షసుడి గొంతుతో. జనం విరగబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు. నేనేం చేశానంటే, వాళ్లవైపు తిరిగి నేనూ నవ్వాను. ఆ మనిషితో నాకేం సంబంధం లేనట్టు, నేనూ చూడ్డానికి వచ్చినదాన్నే అన్నట్టు. పాడకపోవడం కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువగా కాల్చింది.

ఇంటికి రాగానే ఆయన అడిగారు. "గొంతు వట్టుకుందా?"

"అవునండి" అన్నాను.

నీళ్లు కాచి, ఉప్పు వేసి, గ్లాసు తెచ్చి చేతికిచ్చారు. ఏ జబ్బూ లేని గొంతును ఆ ఉప్పునీళ్లతో పుక్కిలించాను. ఆయన తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడ్డారు.

మర్నాటి నుంచి లిఫ్టులో పిల్లలు "అంకుల్, దయ్యం గొంతు" అని అడిగేవారు. ఆయన సంతోషంగా వినిపించేవారు. నేను ఫోన్‌లో ఏదో చదువుతున్నట్టు తల దించుకునేదాన్ని.

ఒక ఆదివారం ఆయన వెల్లుల్లి ఒలుస్తుంటే చెప్పేశాను. "ఆ రోజు నా గొంతుకేం కాలేదండి."

"ఎరికే."

"మరి నీళ్లెందుకు కాచారు?"

"వట్టుకుందన్నవ్ కద. ఇగ నేనేమనాలె?" వెల్లుల్లి పొట్టు ఒకపక్కకు నెట్టి అడిగారు. "దేనికి సిగ్గువడ్డవ్? పాటకా, నాకా?"

పాటకని చెబితే సరిపోయేది. కానీ ఉప్పునీళ్ల తర్వాత మరో అబద్ధం నోట్లోంచి రాలేదు. "మీకేనండి" అన్నాను.

ఆయన మిగిలిన రెబ్బలు కూడా ఒలిచి గిన్నెలో వేశారు. "సరే, చెప్పినవ్" అని లేచి చేతులు కడుక్కున్నారు. మర్నాటి నుంచి పొద్దున వంటింట్లో కుక్కర్ కూత ఒక్కటే మిగిలింది.

కొన్నాళ్లకు నాలుగో అంతస్తులో ఉండే టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. చందానగర్‌లో స్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెబుతుంది, ఆదివారాలు చర్చిలో పాడుతుంది. కేకు తెచ్చింది. "అన్నయ్యగారూ, ఆ పాట నాకు చాలా నచ్చింది. న్యూ ఇయర్ ప్రోగ్రాంలో నాతో పాడతారా?" అనడిగి, నావైపు తిరిగి, "అక్కా, మీకేం ఇబ్బంది లేకపోతేనే" అంది.

మా ఆయన నావైపు చూశారు. పాడమన్నాను.

ఎక్కడ అందుకోవాలో ఆమెకు నేనే నేర్పాను. మా హాల్లోనే వాళ్ల ప్రాక్టీసు. ఆయన మళ్లీ 'గిరేవ్' అనగానే, ఈసారి ఎవరూ నవ్వకూడదని, దిద్దబోయాను. ఆమె ఆపింది. "ఉండనివ్వండక్కా. అన్నయ్యగారి నోట అలాగే బాగుంది."

ఇంగ్లీషు టీచరు అన్న మాట అది. నేను టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

న్యూ ఇయర్ ప్రోగ్రాం సాయంత్రం నేను జనంలో కూర్చున్నాను. మా ఆయన మొదలుపెట్టగానే మళ్లీ అదే నవ్వు. ఆ నవ్వు ఇంకా ఆగకముందే టీచరమ్మ అందుకుంది. ఆయనకు దగ్గరగా జరిగి, ఆయనవైపే చూస్తూ పాడింది. రెండు మాటలయ్యేసరికి నవ్వులు అణిగిపోయాయి. ఇంత తేలిక పని. ఆ రోజు నేను పాడితే చాలు, ఊరుకునేవాళ్లు. నా పెదవులు కదులుతూనే ఉన్నాయి గానీ గొంతు పైకి రాలేదు.

వెనక వరసలోంచి డైరెక్టర్ ముందుకు వంగి, "మీవారు భలే పాడుతున్నారండీ" అన్నారు. ఆ మాటలో వెటకారం వెతికాను. లేదు.

మా బ్లాకుకు నడుస్తూ, "ఎట్లుండె?" అనడిగారు మా ఆయన.

"చాలా బాగుందండి."

"ఆమె మంచిగ పాడింది."

"వచ్చే ఏడు నేను పాడతానండి, మీతో" అన్నాను.

ఏ విషయమైనా అవునో కాదో అప్పటికప్పుడే తేల్చేసే మనిషి ఆయన. లిఫ్టు బటన్ నొక్కి, "చూద్దాం తియ్" అన్నారు.