రంగు రాని సొరకాయ మఫిన్లు

2005 జూలైలో నన్ను బాపట్లలోని మా శిక్షణ కేంద్రం నుంచి తెనాలికి పన్నెండు రోజుల డ్యూటీ మీద పంపారు. అప్పట్లో నేను బేకరీ ఇన్‌స్ట్రక్టర్‌ని. ఆ హోదా ఏపాటిదో తెలియనివారి కోసం చెబుతున్నాను: సూపరింటెండెంటు గారికి కింద, మైదా బస్తాలకు కాస్త పైన. ఆర్డరు కాగితంలో పని ఒకే వాక్యంలో ఉంది. కూరగాయలతో, తక్కువ చక్కెరతో మఫిన్లు తయారుచేయించి, ఆపై వచ్చే ఆదివారం రేపల్లెలో అందజేయవలెను.

మఫిన్ అంటే చిన్న గిన్నెలో కాల్చిన గుండ్రటి కేకు. దాన్ని అడిగింది రేపల్లెలో ఒక డాక్టరమ్మ. ఆవిడ నెలకో ఆదివారం షుగరు పరీక్షలు చేసేవారు. చెరుకుపల్లి వైపు ఊళ్ళ నుంచి కూడా జనం పరగడుపున వచ్చి, రక్తం ఇచ్చి, నీరసంగా ఉందంటూ తిన్నగా ఎదురుగా ఉన్న జిలేబీ కొట్టుకు నడిచేవారు. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తుండగానే తినేవారు. మందులు రాసే చేత్తోనే వాళ్ళకు తినడానికీ ఏదో ఒకటి పెట్టాలని ఆవిడ పట్టుదల.

తయారీకి ఒప్పుకున్నది తెనాలిలో కరీముల్లా గారి బేకరీ. అక్కడున్నది ఇటుకల బట్టీ. లోపల కట్టెలు మండించి, నిప్పులు బయటికి లాగేసి, ఇటుకల్లో నిలిచిన వేడితో కాలుస్తారు. తిప్పడానికి మీట ఉండదు, చూడటానికి ముల్లు ఉండదు. మంచి వేడి మీద బ్రెడ్డు, తగ్గాక బన్నులు, ఇంకా తగ్గాక కేకులు, ఆఖరికి రస్కులు. ఎప్పుడు ఏది పెట్టాలో మస్తాన్ గారికి తెలుసు. ఆయన బట్టీ మాస్టరు. ముప్పై ఏళ్లుగా గుప్పెడు పిండి లోపలికి విసిరి, అది ఎంతసేపట్లో మాడుతుందో చూసి వేడి చెప్పేవారు. నేను థర్మామీటరు పెట్టి సరిచూశాను. తేడా వచ్చింది. థర్మామీటరు మార్చాక తేడా పోయింది.

మొదటిరోజే కరీముల్లా గారు విషయం తేల్చేశారు.

"ఈ సరుకు బట్టీలో వస్తే సరేనండి. రాకపోతే కరెంటు ఓవెన్ తెప్పిస్తా, బట్టీ పగలగొట్టిస్తా. మస్తాన్ భాయ్ ఇంక ఇంటిదగ్గర కూర్చుంటాడు."

మస్తాన్ గారు పిండి పిసుకుతూ అక్కడే ఉన్నారు. తల ఎత్తకుండానే అన్నారు: "నేను ఇంటిదగ్గర కూర్చుంటే మా ఆవిడ నన్ను పగలగొడుతుంది సాబ్."

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

మా వృత్తిలో ఫార్ములా షీటు అని ఒకటి ఉంటుంది. పిండిని వందగా లెక్కగట్టి, మిగతావన్నీ దానికి ఎంతెంతో రాసి, కింద చేసే విధానం వరసగా రాస్తాం. మామూలు మఫిన్‌లో వంద పిండికి చక్కెర అరవై దాకా పడుతుంది. నేను పన్నెండుకు దించాను. సగం మైదా, సగం గోధుమపిండి, గుడ్లు, నూనె, తురిమిన సొరకాయ, క్యారెట్. పెన్ను కింద పెట్టినప్పుడు ఏదో కనిపెట్టినంత గర్వం కలిగింది. మస్తాన్ గారు ఆ షీటును మైదా జిగురుతో గోడకు అంటించారు.

మొదటి ట్రయల్‌లో సొరకాయ నీరు వదిలి మఫిన్లు కాస్తా జావ అయ్యాయి. స్పూనుతో తిన్నాం. తురుముకు చిటికెడు ఉప్పు రాసి, పావుగంట ఆగి, గుడ్డలో పిండాలని షీటులో చేర్చాను. రెండోసారి నీరు పోయింది, కానీ మఫిన్లు రాళ్ళయ్యాయి. మూడోసారీ అంతే. ఒకటి చెయ్యిజారి నా చెప్పు మీద పడితే చెప్పు తెగింది. ఇంకోటి బాపట్ల పట్టుకెళ్ళి మా ఆఫీసులో ఊగే బల్ల కాలు కింద పెట్టాను. నేను ఉద్యోగం వదిలేనాటికి బల్ల మారింది, మఫిన్ మారలేదు. ఇందులో నేను కల్పించి చెబుతున్నది చెప్పు సంగతి ఒక్కటే.

కరీముల్లా గారు కరెంటు ఓవెన్ల ధరల కాగితం జేబులో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. మస్తాన్ గారు మాట్లాడటం తగ్గించారు.

శుక్రవారం అద్భుతం జరిగింది. ట్రేలు బయటికి వచ్చేసరికి మఫిన్లు పొంగి, పైన నిగనిగలాడుతూ బంగారం రంగులో ఉన్నాయి. లోపల మెత్తగా ఉన్నాయి. కరీముల్లా గారు రెండు తిన్నారు. నేను రిజిస్టరులో 'తృప్తికరం' అని రాసి సంతకం చేశాను. ఆదివారానికి వంద చేయమన్నాం.

శనివారం మధ్యాహ్నం ఆ వంద చూడటానికి వెళ్తే ట్రేల మీద చీమలు బారులు తీరి ఉన్నాయి. అంతకుముందు ట్రయల్ సరుకు రాత్రంతా అక్కడే పడున్నా ఒక్క చీమ కూడా తిరిగి చూడలేదు. ఈ చీమలు పక్కలు ముట్టుకోవడం లేదు, పైభాగం మీదే కూర్చున్నాయి. ఒకదాని పైన వేలితో తుడిచి నోట్లో పెట్టుకున్నాను. బెల్లం.

మస్తాన్ గారు దాచలేదు. "లోపల చక్కెర ఒక్క పలుకు పెంచలేదు సార్. పైన బెల్లం పాకం పూశానంతే. రంగు తొందరగా వచ్చింది, దించేశాను."

"షుగరు మనుషులకండీ ఇవి!" అన్నాను. నా గొంతు లేచింది.

"మరి రంగు ఎక్కడినుంచి తేను? ఎంతసేపు ఉంచినా పైన తెల్లగానే ఉంటోంది. రంగు కోసం ఆగితే రాళ్ళవుతున్నాయి. రాయి చేస్తే నా బట్టీ పోతుంది. మీ కాగితంలోది చెయ్యకపోయినా నా బట్టీ పోతుంది."

నా కాగితంలో ఏముందని అడిగాను. ఆయన నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళి, తొమ్మిదో వరస మీద వేలు పెట్టారు. పైభాగం బంగారు రంగు వచ్చేవరకు కాల్చవలెను.

చేతిరాత నాదే.

మామూలు మఫిన్ల పాత షీటులో నుంచి దించేటప్పుడు చక్కెర అంకె మార్చాను, ఈ వాక్యాన్ని అలాగే ఎక్కించాను. కేకు పైన రంగు తెచ్చేది చాలావరకు చక్కెరే. దాన్ని తీసేసి, రంగు వచ్చేదాకా ఆగమని ముప్పై ఏళ్ల అనుభవమున్న మాస్టరుకు రాతపూర్వకంగా చెప్పాను. ఆయన రంగు చూసి కాల్చే మనిషి. వారం రోజులు నా మాట విని తన పేరు పోగొట్టుకున్నారు.

ఆ వంద మఫిన్లు బేకరీ పనివాళ్ళకు పంచేశాం. తొమ్మిదో వరస కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. సాయంత్రం బట్టీ కేకుల వేడికి దిగాక మస్తాన్ గారి కళ్ళకు తువ్వాలు కట్టాను. ఇది మా ఏ మాన్యువల్‌లోనూ లేని పద్ధతి.

"ఏంటి సార్, పెళ్ళికొడుకుని చేస్తున్నారా?"

"రంగు చూడొద్దండి. వాసన పట్టండి, వేలితో నొక్కండి. నొక్కిన చోటు పైకి లేవగానే దించండి."

కొంతసేపటికి ఆయన ముక్కు ఎగబీల్చి, "క్యారెట్ పచ్చివాసన పోయింది, లాగండి" అన్నారు. లాగాం. ఆయన ఒక మఫిన్‌ను నొక్కితే పల్లం పడి మళ్ళీ పైకి లేచింది. కొబ్బరి ఈనె గుచ్చి తీస్తే పొడిగా వచ్చింది. పైన మాత్రం జ్వరం తగ్గిన మనిషి మొహంలా తెల్లగా ఉన్నాయి. కరీముల్లా గారు వాటికేసి చూసి జేబు తడుముకున్నారు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం రేపల్లె ప్యాసింజరు ఎక్కాం. బెల్లం సంగతి డాక్టరమ్మకు నేనే చెప్పాను. ఆవిడ ముందు నావంక, తర్వాత బుట్టవంక చూసి, ఒకటి తిన్నాకే పంచమన్నారు. మొదట అందుకున్న చెరుకుపల్లి పెద్దావిడ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఏంటి బాబూ ఇయ్యి, కాలకుండానే దించేశారా?"

మస్తాన్ గారు ముందుకొచ్చారు. "విరిచి చూడమ్మా. పచ్చి ఉంటే నా మొహాన కొట్టు."

విరిచింది. వాసన చూసింది. తింది. కరీముల్లా గారు ఆవిడ దవడలనే చూస్తున్నారు.

"తీపి తక్కువే. బానే ఉందిలే. ఇంకోటియ్యి, మా కోడలికి చూపిస్తా."

మనిషికి ఒకటేనని డాక్టరమ్మ అన్నారు. పెద్దావిడ మాత్రం కోడలి పేరు మీద రెండోది సంపాదించి, బయట అరుగు మీద కూర్చుని తనే తినేసింది. ఆరోజు కూడా జిలేబీ కొట్టుకు వెళ్ళినవాళ్ళు ఉన్నారు. నలుగురో ఐదుగురో. బుట్ట ఖాళీ అయ్యాక డాక్టరమ్మ ప్రతినెలా పంపమన్నారు. తిరుగు రైల్లో కరీముల్లా గారు కిటికీలోంచి చూస్తూ, "మస్తాన్ భాయ్, రేపు కట్టెలు ఎన్ని తెప్పించను?" అని అడిగారు. మస్తాన్ గారు ఎప్పటికన్నా కాస్త ఎక్కువే చెప్పారు.

రిపోర్టులో లోపం తొమ్మిదో వరసదని, రాసింది నేనని రాశాను. సూపరింటెండెంటు గారు 'ఇకముందు జాగ్రత్త వహించవలెను' అని రాసి ఫైలులో పెట్టారు. నా సర్వీసులో నాకు దక్కిన ఏకైక వ్యాఖ్య అదే.

కేకులో చక్కెర మూడు పనులు చేస్తుంది. తీపినిస్తుంది, మెత్తదనం నిలుపుతుంది, రంగు తెస్తుంది. నేను తీపి ఒక్కటే కొట్టేశాననుకున్నాను. ఫార్ములాలోంచి ఒక సరుకును తీసేసినప్పుడు, దాని మీద ఆధారపడిన వాక్యాలను కూడా వెతికి తీసేయాలి. లేకపోతే వాటిని నమ్మి పనిచేసిన మనిషి తప్పు చేసినవాడవుతాడు.