మడతబందులు లేని బల్ల

నున్నటి టైల్స్ మీద సుద్దముక్క సరిగా పట్టదు. కాస్త నొక్కి గీస్తే కీచుమంటుంది, వేళ్ల సందుల్లో తెల్లటి పొడి మిగులుతుంది. మొన్న విశాఖపట్నంలో ఒక కొత్త ఫ్లాటులో నేల మీద మోకాళ్లేసి గీతలు గీస్తుంటే, ఆ ఇల్లు కొనుక్కున్న కుర్రవాడు నవ్వు ఆపుకుంటూ, "మేడమ్, అన్నీ కంప్యూటర్లో చూపిస్తారనుకున్నాం" అన్నాడు. చూపిస్తాను, అదీ వచ్చు నాకు. కానీ ముందు సుద్ద. ఇరుకిళ్లలో మంచం ఎక్కడ, బీరువా ఎక్కడ, బల్ల ఎక్కడ అని చెప్పి ముప్పై ఏళ్లుగా బతుకుతున్నాను. ఇప్పటికీ సుద్దపొడి వాసన ముక్కుకి తగలందే నా బుర్ర పనిచేయదు. తగిలిందా, ఇక నేను విశాఖలో ఉండను. ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టరు గుమ్మంలో, సింహాచలం మావయ్య పక్కన ఉంటాను.

మావయ్య అంటే చుట్టం కాదు. మా క్వార్టర్ల వరసలోనే నాలుగిళ్ల అవతల ఉండేవాడు. మా తాతలాగే ఆయన తాత కూడా శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికని వచ్చి అక్కడే ఉండిపోయాడు. మావయ్య వర్క్‌షాపులో వడ్రంగి. రైలు పెట్టెల లోపలి చెక్కపనంతా, అంటే బెర్తులూ కిటికీ తలుపులూ సామాన్ల పలకలూ, ఆయన చేతుల మీదుగా వెళ్లేది. మనిషి పొట్టి. చెవి మీద పెన్సిలు, ముఖం మీద ఎప్పుడూ కాస్త చిరాకు. వాళ్ల క్వార్టరూ మా క్వార్టరూ ఒకే కొలత: ఒక గది, వంటకి ఒక మూల, ముందు సన్నటి వరండా, వెనక చిన్న దొడ్డి. అయినా వాళ్లింట్లోకి అడుగు పెడితే ఊపిరి సుఖంగా ఆడేది. గోడ మీది చెక్కను కిందికి వాలిస్తే భోజనాల బల్ల అయ్యేది. తలుపు వెనక నుంచి ఇస్త్రీ బల్ల దిగేది. మంచం కింద చక్రాల సొరుగులో బియ్యం ఉండేవి. ఇదంతా గోల్‌బజార్‌లో కొన్న ఖాళీ టీ పెట్టెల చెక్కతోనూ అక్కడి అడవుల్లో దొరికే సాలు కర్రతోనూ చేసిందే. వర్క్‌షాపు నుంచి ఒక్క మేకు కూడా ఇంటికి తెచ్చేవాడు కాదు. "సింహాచలం ఇంట్లో టికెట్టు లేకుండా తొంగోకూడదు" అని వరసంతా ఆటపట్టించేది. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఆయనకి కోపం తెప్పించే మాట ఒక్కటే ఉండేది, ఎవరైనా ఏ వస్తువునైనా పట్టుకుని "ప్రస్తుతానికి ఇక్కడ పెడదాం" అనడం. "పెస్తుతానికి అని పెట్టింది పదేళ్లు అక్కడే ఉంటాది" అని వాళ్ల చేతుల్లోంచి లాక్కునేవాడు.

నేను ఎనిమిదో తరగతిలోకి వచ్చిన ఏడు మా చిన్నాన్నకి కూడా వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చింది. ఆయన మా ఇంట్లోనే ఉండాలి. అప్పటికే మేం ఆరుగురం: అమ్మ, నాన్న, నాన్నమ్మ, నేను, ఇద్దరు తమ్ముళ్లు. ఒక సాయంత్రం నాన్న గది ఈ మూల నుంచి ఆ మూలకి జానలతో కొలిచి, లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఎదిగిన పిల్ల. ఆడొత్తే ఇదెక్కడ తొంగుంటాది? సోంపేట కాడ మీయమ్మ ఊరికి అంపేద్దుం" అన్నాడు అమ్మతో.

"మరి సదువో? అక్కడ బడి అయిదుతో ఆఖరు" అంది అమ్మ.

నాన్న వరండాలోకి నడిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆడపిల్లకి చదువెందుకు అనే రకమూ కాదు. ఆయన దగ్గర లేనిది చోటు, అంతే. ఆ రాత్రి పెరిగిన నా కోపం మాత్రం చోటు మీద కాదు, నాన్న మీదే. తెల్లారాక తిన్నగా మావయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన డ్యూటీకి బయల్దేరుతూ సైకిలు తుడుచుకుంటున్నాడు.

"మావయ్యా, మా ఇంట్లో ఒక బెర్తు ఎయ్యగలవా?"

"ఎవులికే?"

"నాకు."

ఆయన గుడ్డ సీటు మీద పడేసి నా ముఖంలోకి చూశాడు. అప్పటికే వరసంతటికీ తెలిసిన సంగతే కదా. "ఆదోరం వత్తాను. అందాకా టికెట్టు కొనొద్దని మీ నాన్నకి సెప్పు" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. చేతిలో కొలబద్ద లేదు, సుద్దముక్క ఒక్కటే ఉంది. "నానిక్కడ లేననుకుని మీ పని మీరు సేసుకోండి" అని చెప్పాడు. ఇంక అంతే, ఎవరు ఎక్కడ కూర్చుంటే అక్కడ, వాళ్లు లేవగానే నేల మీద ఒక సున్న. నాన్న పేపరు చదివిన చోటు, నాన్నమ్మ చుట్ట కాల్చుకున్న చోటు, తమ్ముళ్లు గోళీలాడిన చోటు, నేను తలుపు వెలుతురులో పుస్తకం పట్టుకున్న చోటు. మధ్యాహ్నం చేపల పులుసు మా ఇంట్లోనే తిని, తను తిన్న చోట కూడా సున్న చుట్టుకున్నాడు. దీపాలు పెట్టే వేళకి మా నేలంతా తెల్లటి సున్నలే. అప్పుడు లేచి నడుం నిమురుకుంటూ నాన్నని పిలిచాడు.

"సూడు బావా. ఇల్లు సిన్నదే. కాదన్ను. గానీ సున్నలన్నీ తలుపు కాడే ఉన్నాయి, ఆ ఎనకాల గోడ పొడుగునా ఒక్కటీ నేదు. గోడ కాళీగా ఉండగా పిల్లనంపేత్తానంతావేటి?"

నాన్న ఆ గోడని అప్పుడే కట్టినట్టు చూశాడు.

నాలుగు ఆదివారాలు పట్టింది. నాన్నమ్మ మంచానికి పైన, రెండు గొలుసుల మీద నా బెర్తు వచ్చింది. దానికి అమ్మ పాత చీర తెర. పొద్దున్నే ఎత్తి కొక్కెం పెడితే గోడకి అంటుకుపోయేది. దాని పక్కనే కిందికి వాలే చదువు బల్ల, పుస్తకం జారకుండా చివర సన్నటి అంచు. తమ్ముళ్లకి మంచం కింద సొరుగు పడక. చిన్నాన్నకి వరండాలో వెదురు చిక్ తెర కట్టి ఒక గది లాంటిది. వంటమూల పక్కనున్న అమ్మ ట్రంకుపెట్టె అటకెక్కింది, ఎందుకంటే నా బల్ల వాలాల్సింది సరిగ్గా అక్కడే. ఆ పెట్టె మీద సుద్ద గుర్తు కూడా లేదు. చూడటానికి వరసంతా వచ్చింది. పక్క వీధి బెంగాలీ పెద్దమనిషి ఒకాయన బెర్తు ఎత్తి దించి, ఎత్తి దించి, మావయ్య భుజం తట్టి వెళ్లాడు. మొదటి రాత్రి ఆ బెర్తు మీద పడుకుని పైకప్పుని చేత్తో అందుకుంటుంటే నాకు నవ్వు ఆగలేదు. ఈ ఇంట్లో నాకంటూ ఒక చోటుంది, నన్నెవరూ ఎక్కడికీ పంపరు అని పదిసార్లు అనుకున్నాను.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం జ్వరం వచ్చి బడి నుంచి ముందే ఇంటికొచ్చేశాను. మగవాళ్లు డ్యూటీలో, తమ్ముళ్లు బడిలో ఉన్నారు. నాన్నమ్మ నిద్రపోతోంది. దొడ్డిలో వాన. అమ్మ గోడకి వీపు ఆనించి, చేతిలో టీ గ్లాసుతో నిలబడి ఉంది. ఒక కాలు మీద కాసేపు, ఇంకో కాలు మీద కాసేపు.

"కూకోవే అమ్మా" అన్నాను.

"ఎక్కడే?" అంది నవ్వుతూ.

చుట్టూ చూశాను. అత్తగారి మంచం మీద కోడలు కూర్చోవడం మా ఇంట్లో లేదు. మిగిలిన నేలంతా నడవడానికే సరిపోతుంది. "ట్రంకుపెట్టి ఉన్నప్పుడు దాని మీద కాసేపు కూకునీదాన్ని. మద్దేన్నం వర్క్‌షాపు సైరన్ కూశాక, మీరందరూ మళ్లీ ఎల్లిపోయాక" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఎవులితోటీ అనకు. నీ సోటు పోతాది" అంది.

నేను రెండు రోజులు ఎవరితోనూ అనలేదు. జ్వరం వల్ల అనుకోవచ్చు, కానీ జ్వరం వల్ల కాదు. అమ్మ చెప్పిన మాట నాకు బాగా అర్థమైంది కనకనే. మూడో రోజు సాయంత్రం మావయ్య నన్ను పలకరించడానికి వచ్చి, బెర్తు గొలుసు బిగువు చూస్తుంటే, నాకు ఏడుపొచ్చి మొత్తం చెప్పేశాను. ఆయన చెయ్యి గొలుసు మీదే ఆగిపోయింది.

"ఆదోరం సూసినాను" అన్నాడు. "ఆదోరం ఇంట్లో అందరూ ఉంటారు గదా, ఆ మడిసెప్పుడు కూకుంటాది? తప్పు నాదే."

చావులకి తప్ప సెలవు పెట్టని మనిషి మర్నాడు ఛుట్టీ పెట్టాడు. మగవాళ్లు లేని ఇంట్లో ఒక్కడూ కూర్చుంటే బాగోదని భార్య మహలక్ష్మత్తని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ చేటలో బియ్యం పోసుకుని ఏరుతూ కూర్చుంది. ఆయన గుమ్మంలో సుద్దముక్కతో కూర్చున్నాడు. నేను బెర్తు మీద తెర పక్క నుంచి చూస్తున్నాను. అమ్మ ఒక్క క్షణం కూర్చోలేదు. తోమిన గిన్నెలు మళ్లీ తోమింది, ఊడ్చిన నేల మళ్లీ ఊడ్చింది. సైరన్ కూసి చాలాసేపయ్యాక అత్త చేట పక్కన పెట్టింది.

"నువ్వలగ గుడ్లప్పగించి సూత్తంతే ఏ ఆడదాయి కూకుంటాది? లెగు, బయటికి ఎల్లు" అంది.

మావయ్య చిన్నబుచ్చుకోలేదు. లేచి బెర్తు దగ్గరికి వచ్చి, సుద్దముక్క నా చేతిలో పెట్టాడు. "నువ్వు సూడు. మీయమ్మకి తెలీకుండా గియ్యి" అని వెళ్లిపోయాడు.

ఆయన అటు వెళ్లగానే అత్త అమ్మ చెయ్యి పట్టి లాగి, దొడ్డి తలుపు పక్కన గోడవారగా నేల మీద కూలేసింది. ఇద్దరూ టీ తాగారు. అత్త ఏదో అంది, అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అలా నవ్వుతూనే నెమ్మదిగా కాళ్లు చాపుకుంది. మా అమ్మ మెలకువగా ఉండి కాళ్లు చాపుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. పాదాలు పగిలి ఉన్నాయి. చాపిన ఆ కాళ్లు తిన్నగా నా చదువు బల్ల కిందికి వచ్చాయి. అమ్మ గిన్నెలు తీసుకుని దొడ్డిలోకి వెళ్లాక దిగి, వీపు ఆనిన చోట ఒక గీత, మడమలు ఆగిన చోట ఒక గీత గీశాను.

సాయంత్రం మావయ్య ఆ రెండు గీతలూ చూసి, "ఇంత పొడుగేటే? పీటేత్తే సరిపోతాదనుకున్నాను" అన్నాడు.

"కాళ్లు సాపుకుంది మావయ్యా."

ఆయన తల ఊపి చెవి మీది పెన్సిలు తీశాడు. నా బల్లకి అడ్డంగా ఒక గీత గీసి నావైపు తిరిగాడు. "నీ బల్ల జానెడు తగ్గుతాది. ఇత్తావా?"

వెంటనే ఇస్తానని అన్నానని రాయాలని ఉంది. అనలేదు. పుస్తకం తెరిస్తే ఇంక నోటుబుక్కు పట్టదే అని లెక్క చూసుకున్నాను. ఆయన తొందర పెట్టలేదు, పెన్సిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఇత్తాను" అన్నాను.

ఆ ఆదివారం దొడ్డి తలుపు పక్కన అమ్మకి సాలు చెక్క బల్ల బిగించాడు. వెనక ఆనుకోవడానికి పలక, ముందుకి కాళ్లు చాపుకునేంత పొడుగు. నాన్న పక్కనే నిలబడి, "దీనికీ బందులెయ్యి సింహాచలం. పని లేనప్పుడు మడిసేసుకుందుం" అన్నాడు. నాన్న అన్నదాంట్లో తప్పేం లేదు, మా ఇంట్లో మడతబందులు లేని వస్తువు నాన్నమ్మ మంచం ఒక్కటే.

మావయ్య తలెత్తకుండానే, "ఎయ్యను బావా. మడిసే ఈలుంటే నాలుగో నాటికి మడిసేత్తారు. మళ్లీ ఎవులూ దించరు. ఆ మడిసి దించమని అడగదు" అన్నాడు.

అమ్మ మొదట్లో సిగ్గుపడింది. దాని మీద కూరల బుట్ట పెట్టేది, మడత బట్టలు పెట్టేది. మావయ్య అటుగా వచ్చినప్పుడల్లా అవన్నీ తీసి కింద పెట్టి వెళ్లేవాడు. ఒకసారి "పెస్తుతానికి పెట్టినానన్నయ్యా" అని అమ్మ అనడం, ఆయన మండిపడటం నాకింకా గుర్తే. తర్వాత తర్వాత బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఆ బల్ల మీద ఉండేది. నేను జానెడు తగ్గిన బల్ల మీద పదకొండో తరగతి దాకా చదివాను. కొలతలు, ప్లానులు, పేర్లు అన్నీ తర్వాత కాలేజీలో నేర్పారు. నేర్పరులైన వాళ్లని చాలామందిని చూశాను కూడా. ఊరంతా మెచ్చుకుని వెళ్లిన పని దగ్గరికి తిరిగొచ్చి, తప్పు నాదే అని సెలవు పెట్టి కూర్చున్న మనిషిని మళ్లీ చూడలేదు. అందుకే ఏ ఇంటి పని ఒప్పుకున్నా నేను ఆదివారం వెళ్లి ఊరుకోను. మామూలు రోజున, అందరూ పనులకి వెళ్లిపోయాక, ఇంకోసారి వెళ్తాను.

మొన్నటి ఫ్లాటు కుర్రవాడి అద్దె ఇంటికీ ముందు అలాగే వెళ్లొచ్చాను. ఆ వేళప్పుడు ఇంట్లో వాళ్లమ్మ ఒక్కతే ఉంది. మొన్న కొత్త ఫ్లాటులో వంటగది కిటికీ కింద వాళ్లమ్మ బల్లకని నేను గీసిన గీతల దగ్గర అతను ఆగిపోయాడు.

"మేడమ్, మిగతావన్నీ ఫోల్డింగే కదా. ఈ బల్ల కూడా ఫోల్డింగ్ పెట్టేస్తే ఇంకో రెండడుగులు కలిసొస్తుంది."

"వస్తుంది. పెట్టను" అన్నాను.

వంటగది గుమ్మంలో నిలబడి ఉన్న వాళ్లమ్మ కల్పించుకుంది. "వాడన్నట్టే పెట్టెయ్యండమ్మా. నేనెప్పుడు కూర్చుంటాను గనక."

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కిటికీ కిందికి తీసుకొచ్చాను. గోడకి ఆనుకుని నేల మీద కూర్చోమన్నాను. కొడుకు వైపు చూసి, మొహమాటంగా నవ్వి, చీర సర్దుకుని కూర్చుంది.

"కాళ్లు చాపండమ్మా" అన్నాను. "ఇంకా. పూర్తిగా."

చాపింది. మడమలు ఆగిన చోట సుద్దముక్క గట్టిగా నొక్కి గీత గీశాను.