ఒళ్లో ఇటుకతో భద్రాచలం దాకా

జూన్ మొదటి వారంలో ఒక పొద్దున ఆరున్నరకు ఖమ్మంలో భద్రాచలం బస్సు ఎక్కాను. ఒళ్లో కొత్త తువ్వాల్లో చుట్టిన ఇటుక. వరి ఊక బూడిద నుంచి మా కాలేజీ ల్యాబులో నానో సిలికా తీసి, మట్టిలో కలిపి, బట్టీలో కాల్చకుండా ఆరబెట్టిన ఇటుక అది. పైన చుక్క నీరు నిలవనివ్వని నానో పూత. మూడేళ్ల చాకిరీ. అడవి అంచున ఉన్న ఒక గూడెం దీన్ని ఒప్పుకుంటే వానలు ముదరకముందే అక్కడ అంగన్‌వాడీ గోడలు లేస్తాయి. లేదంటే పిల్లలు ఈ ఏడు కూడా కారే రేకుల కిందే. "బుచ్చమ్మ అవ్ అంటే ఊరంతా అవ్ అంటది" అని ఊరి పెద్ద ఫోన్లో ముందే చెప్పాడు.

"గదేంది సార్?" అన్నాడు కండక్టర్.

"ఇటుక."

"ఒక్కదానితోని ఏం కడ్తరు?"

"కొత్త తువ్వాల కప్పిండు, పెళ్లిచూపులకు తీస్కపోతుండేమో" అంది పక్క సీటావిడ. బస్సంతా నవ్వింది. నాకు ఒళ్లు మండి, తువ్వాలు విప్పి ఇటుక మీద సీసాడు నీళ్లు పోశాను. ఒక్క చుక్క నిలవలేదు. అన్నీ దొర్లుకుంటూ ఆవిడ చీర మీద పడ్డాయి.

"నీ ఇటుక పాడుగాను! అది తడవలే, నన్ను తడిపింది."

తొమ్మిదికి కొత్తగూడెంలో టిఫిన్. ఇటుకను పక్క కుర్చీలో పెడితే సర్వరు దాని ముందు కూడా మంచినీళ్ల గ్లాసు పెట్టాడు. పదకొండున్నరకు భద్రాచలం, అక్కడి నుంచి గంటసేపు షేర్ ఆటో, కిరాయి వంద. తర్వాత రెండు కిలోమీటర్ల నడక. ఆ దారిన వెళ్లేవాళ్లు రెండు సీసాల నీళ్లు తీసుకెళ్లండి, ఇటుక మీద మాత్రం పోయకండి.

బుచ్చమ్మకు డెబ్బై ఉంటాయి. నేను నానో గురించి ఇరవై నిమిషాలు ఉపన్యసించాను.

"గంత చిన్నది కండ్లకు కనబడ్తదా సారూ?"

"కనబడదవ్వా."

"కనబడనిదానికి ఇంత బరువా?" అంటూ ఇటుక అందుకుని, ఎర్రమట్టి ముద్ద తీసి పూసింది. జారిపోయింది. మళ్లీ పూసింది. మళ్లీ జారింది. ఆడవాళ్లంతా వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. పేడ కలిపి చూశారు. ఇటుక నిగనిగలాడుతూ అలాగే ఉంది. సిగ్గులేకుండా నేను లోలోపల పొంగిపోయాను.

"చెయ్యి పట్టనియ్యని గోడ మాకెందుకు సారూ?" అంది బుచ్చమ్మ.

ఆ గూడెంలో కొత్త గోడకు మొదటి అలుకు ఆమె చేతితోనే పడాలట. అది పడందే పిల్లల్ని ఆ నీడకు పంపరు. ఆ తర్వాత ఏటా ఆడవాళ్లంతా కలిసి అలుకుతారు. మూడేళ్లలో ఈ సంగతి నేను ఎవర్నీ అడగలేదు. ఏడుపొక్కటే తక్కువ. తువ్వాలు చుట్టబోతుంటే ఆమె ఇటుక లాక్కుని, కొడవలితో ఒక పక్క గరగరా గీకింది. మూడేళ్ల పూత మూడు నిమిషాల్లో రాలిపోయింది. ఆ పక్క మట్టి పూసి, అరచెయ్యి ఒత్తింది. ఈసారి మట్టి పట్టుకుంది.

"గీ పక్క వానకు, గా పక్క మాకు. గిట్ల చేస్కరా. జల్దీ రా, రేపే పునాది తీపిస్త."

సాయంత్రం నాలుగున్నరకు తిరుగు బస్సు. అదే కండక్టర్.

"ఏంది సార్, సంబంధం తప్పిందా?"

"కుదిరింది. ఒక పక్క మార్చుకుని రమ్మన్నారు."

పాల్వంచ దాటాక వాన పట్టుకుంది. కిటికీ అద్దం ఎంత లాగినా మూసుకోలేదు, జల్లు లోపలికి కొట్టింది. ఇన్నాళ్లూ నేను గోడను వాన వైపు నుంచే చూశాను. ఇటుక నున్నటి పక్కను జల్లుకు తిప్పి, బుచ్చమ్మ వేళ్ల గుర్తులున్న పక్కను పొట్టకు ఆనించుకున్నాను. ఖమ్మంలో దిగేసరికి చొక్కా ముందంతా ఎర్రమట్టి. దులుపుకోలేదు.