పరకాల రోడ్డు మీద మా ట్రక్కుకు కుట్టించిన ఇనుప ప్లేటు

మా అక్క ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెను తాడ్వాయి అడవి అవతల ఒక చిన్న గూడేనికి వేశారు. ఆరేళ్ళు అక్కడే ఉంది. ఆ ఆరేళ్ళూ ఆమెకు అన్నం పెట్టి, కాన్పులకు పిలుపొస్తే రాళ్ళబాటలో వెంట నడిచిన మనిషి సమ్మక్క. ఈ వేసవిలో సమ్మక్క మనవడు తాడ్వాయికి వచ్చి, సిగ్నల్ దొరకగానే అక్కకు ఫోన్ చేశాడు. "మా అవ్వకు సూపు మొత్తం పోయింది నర్సమ్మా. వానలు పడకముందే ఒక్కసారి రమ్మంటాంది," అన్నాడు. వానలు మొదలైతే మధ్యలో వాగు పొంగి, ఆ బాట దీపావళి దాకా మూసుకుపోతుంది. అక్కకు రెండు మోకాళ్ళూ ఆపరేషనయ్యాయి, చేతికర్ర లేనిదే నాలుగడుగులు వేయలేదు. ఆటోలు ఆ రాళ్ళలోకి రావు. నా దగ్గర పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కు ఉంది. ఇంట్లో వాళ్ళు దాన్ని ఎప్పుడు అమ్ముతావని అడిగినప్పుడల్లా నేను దాని గొప్పలు చెబుతుంటాను. ఇప్పుడు ఆ గొప్పలు నిలబెట్టుకోవాల్సిన అవసరం వచ్చిపడింది.

మొదటిసారి మే నెలాఖరులో వెళ్ళాం. హన్మకొండ నుంచి ములుగు మీదుగా తాడ్వాయి దాకా మంచి తారు రోడ్డే. తర్వాత పన్నెండు కిలోమీటర్ల మట్టిబాట, ఆ పైన నాలుగు కిలోమీటర్లు ఒట్టి రాళ్ళు. గూడెం ఇంకో కిలోమీటరు ఉందనగా బాటకు అడ్డంగా ఒక నల్లరాయి ఉంటుంది, బర్రె పడుకున్నట్టు. ట్రాక్టర్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి దాని మీదుగా పోతాయి. మనమూ పోతాం అనుకున్నాను. ఠంగుమని ఒక్క శబ్దం. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె పగిలి, ఆయిలంతా రాతి మీదికి కారిపోయింది. ఊళ్ళోకి కబురు పంపుదామంటే అక్క ఒప్పుకోలేదు. "ఆమెకు ఆశపెట్టి ఈడ కూసునుడెందుకు? మళ్ళ వద్దాం," అంది. వెనక వచ్చిన ఒక ట్రాక్టర్ తాడు కట్టి తాడ్వాయి దాకా లాగింది. దారి పొడుగునా అక్క వెనక్కి తిరిగి అడవి వైపే చూస్తూ కూర్చుంది. తిడితే బాగుండేదని నాకు అనిపించింది.

హన్మకొండలో మెకానిక్ ఆ గిన్నెకు వెల్డింగ్ చేసి, "అల్యూమినియం సార్ ఇది. ఇంకొక్క దెబ్బ తాకిందంటే ఇంజనే పోతది. కింద గట్టి ప్లేటు పెట్టించుండ్రి," అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నా ట్రక్కు మోడల్‌కు తయారుగా ఉన్న ప్లేటు ఎక్కడా దొరకలేదు. ఆర్డరిస్తే మూడు వారాలు పడుతుందన్నారు. అప్పటికి వాగు పొంగుతుంది. ములుగు దారిలో గూడెప్పాడ్ క్రాస్ నుంచి పరకాల వైపు రెండు కిలోమీటర్లు వెళ్తే యాకూబ్ భాయ్ అని ట్రాక్టర్ పనిముట్లు చేసే ఆయన ఉన్నాడని మెకానిక్కే నంబరిచ్చాడు. ఫోన్ చేశాను.

"భాయ్, చాంబర్‌కు ప్లేటు కావాలె. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు, ఆరు ఎమ్మెమ్ మందం."

"బండ్ల బరువు పడ్తదా సార్?"

"బండి బరువంత దాని మీద పడ్డా వంగొద్దు."

"ఫికర్ చెయ్యకుండ్రి. లారీ ఎక్కినా వంగది. ఎల్లుండి పొద్దుగాల్ల ఏడింటికి రాండ్రి."

ఎంత సరైన ప్రశ్న అడిగాడు, పని తెలిసిన మనిషి అని మురిసిపోయాను.

జూన్ మొదటి వారంలో ఒక గురువారం పొద్దున ఆరుంబావుకు అక్కతో బయల్దేరాను. హన్మకొండ నుంచి గూడెప్పాడ్ ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, ఆ వేళప్పుడు ముప్పావు గంటకు మించి పట్టదు. ప్లేటు బిగించుకోవడానికి ఒక గంట, మధ్యాహ్నానికల్లా గూడెం, ఇదీ నా లెక్క. యాకూబ్ భాయ్ షెడ్డు ముందు మూడు ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. నాట్ల కోసం పొలం దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్లకు తగిలించే ఇనుప చక్రాలు ఆయన ప్రత్యేకత, అప్పుడది వాటి సీజను. యాభై దాటిన మనిషి, గడ్డం నెరిసింది, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. మమ్మల్ని చూడగానే గోడకు ఆనించిన సరుకు చూపించి, "ఎత్తి సూడుండ్రి సార్, గట్టి మాల్," అన్నాడు.

చుట్టూ ఫ్రేము, పైన గళ్ళ గళ్ళ డిజైను, ఎత్తడానికి రెండు పిడులు, నల్ల రంగు కూడా వేశాడు. అది మురుగుకాలువ గుంత మీద వేసే మూత. దాన్నీ చాంబరే అంటారు, మా మెకానిక్కులు ఇంజన్ కింది ఆయిల్ గిన్నెనూ చాంబరే అంటారు. నేను ఫోన్‌లో ఇంజన్ అన్న మాటే ఎత్తలేదు. అక్క ఆ రాయి దగ్గర్నుంచి తిరిగొచ్చాక మొదటిసారి పడీపడీ నవ్వింది. "తమ్మీ, మన ఇంటి ముందటి మోరీకి సరిగ్గ సరిపోతది, ఏసుకపోదాం పా," అంది.

యాకూబ్ భాయ్ నవ్వలేదు. ఆ మూతను పక్కకు జరిపాడు. తర్వాత ట్రక్కు కిందికి దూరి, పగిలి అతికిన గిన్నెను టార్చి లైటుతో చూసి బయటికొచ్చాడు. ఎక్కడికి పోవాలని అడిగితే, సమ్మక్క సంగతి, వాగు సంగతి అక్కే చెప్పింది. విని, "ఇయ్యాలనే చేసిస్త," అన్నాడు. చక్రాల కోసం వచ్చిన రైతొకాయన ఊరుకోలేదు. "పొద్దటిసంది కూసున్న భాయ్, నా పొలం ఆగుతదా?" అన్నాడు. యాకూబ్ భాయ్ గొంతు పెంచకుండానే జవాబిచ్చాడు. "వాన పడ్డంక నీ పని సురువైతది. వాన పడ్డంక ఈ అక్క బాట బంద్ అయితది. ఇగ నువ్వే చెప్పు, ఎవలది ముందు చెయ్యాలె?" ఆ రైతు ఆకాశం వంక చూసి, బీడీ ముట్టించుకుని, "చెయ్యి, చెయ్యి," అన్నాడు. ఆ తర్వాత జాకీ ఎత్తడానికి చెయ్యేసింది కూడా ఆయనే.

కొలతలు తీసేటప్పుడు అసలు చిక్కు బయటపడింది. ఇలాంటి ప్లేటు బల్లపరుపుగా ఉంటే లాభం లేదు. రాయి తగిలినప్పుడు బండి దాని మీద జారిపోవాలంటే ముందు భాగం పైకి లేచి ఉండాలి, రెండు పక్కలా అంచులూ పైకి మడవాలి. మూలల దగ్గర ఈ రెండు మడతలూ కలుస్తాయి. కాబట్టి నాలుగు ముక్కలు కోసి అతికిద్దామన్నాడు యాకూబ్ భాయ్. కానీ అతుకు ఉన్న ప్రతి చోటా రాయి తగిలి చీలే భయం ఉందని ఆయనే మళ్ళీ పెదవి విరిచాడు.

షెడ్డు పక్క వరండాలో ఆయన భార్య రజియా కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతోంది. అంతసేపూ మా మాటలు వింటున్నట్టుంది, లేచి వచ్చింది. చీరల డబ్బా అట్టలు రెండు చించి పిన్నులతో కలిపి, చాప వేయించుకుని ట్రక్కు కింద పడుకుంది. పదిహేను నిమిషాల తర్వాత ఆ అట్ట మీద టైలరు సుద్దతో గీతలు గీసుకుని బయటికొచ్చింది.

"గిది జాకెట్టు పనే గదా," అంది మొగుడితో. "బట్ట రెండు దిక్కుల వంగాలంటే ముక్కలు జోడిస్తమా? డాటు పెడ్తం. మూలకు సన్నగ కోసి, మడిసి, కుట్టు. కుట్టు లోపలికుండాలె, బయటికి రావద్దు."

"ఇనుము బట్టనా?" అన్నాడు ఆయన.

"నీ చేతికి వంగుతది తియ్యి."

మూలలో సన్నని త్రికోణం కోసేసి, ఆ రెండంచులూ కలిసేలా మడిస్తే ముడత రాదు. టైలర్లు డాటు అనేది దాన్నే. అట్టను కత్తిరించి మడిచి చూపించింది. ట్రక్కు కింద పెట్టి చూస్తే తొడిగినట్టు సరిపోయింది. యాకూబ్ భాయ్ ఆ అట్టను వెనకా ముందూ తిప్పి చూసి, మాకు చెప్పకుండా తనలో తనే "వా రే వా" అనుకున్నాడు. నేను ఇరవై ఏళ్ళుగా బండ్ల గురించి చదువుతున్నాను, మాట్లాడుతున్నాను. ఈ ఉపాయం నాకు తట్టేది కాదు. వాళ్ళిద్దరినీ చూస్తే నాకు అసూయ కూడా కలిగింది, దాచుకోవడం ఎందుకు.

తర్వాతి నాలుగు గంటలూ నేను అక్కడి నుంచి కదల్లేదు. షెడ్డులో రేకు మడిచే యంత్రం లేదు. మడత గీత వెంట గ్రైండర్‌తో సగం లోతు కోశాడు. గ్యాస్ మంటతో గీతను ఎర్రగా కాల్చి, పాత రైలుపట్టా ముక్క మీద పెట్టి సుత్తితో కొట్టాడు. గట్టిగా కొట్టలేదు, ఒకే వరసలో, తొందరపడకుండా కొట్టుకుంటూ పోయాడు. ఆరు ఎమ్మెమ్ ఇనుము ఆ చివరి నుంచి ఈ చివరికి మెల్లగా లేచింది. మడతలోని గాడిని, డాటు అంచులను లోపలి వైపు నుంచి వెల్డింగుతో నింపాడు. బయట చెయ్యి పెట్టి రాస్తే ఎక్కడా గరుకు తగల్లేదు.

బిగించేటప్పుడు ప్లేటుకూ ఆయిల్ గిన్నెకూ మధ్య రెండు వేళ్ళ సందు వదిలాడు. ఎందుకని అడిగితే, "దెబ్బ తాకితే ప్లేటు జర లోపలికొస్తది సార్. అంటుకొని ఉంటే దెబ్బ చాంబర్‌కే పోతది," అన్నాడు. బోల్టుల తలలు రాయికి తగలకుండా ప్లేటులోకి దిగేలా గుంటలు తొలిచాడు. ఛాసిస్‌కు వెల్డింగ్ చేయనన్నాడు, ఉన్న రంధ్రాలకే ఎనిమిది బోల్టులు వేశాడు. అంతా అయ్యాక మళ్ళీ విప్పి, ఆయిల్ మార్చడానికి వీలుగా గిన్నె బిరడాకు ఎదురుగా గుండ్రని కంత కోశాడు. అన్నీ కలిపి మూడు వేల ఎనిమిది వందలు తీసుకున్నాడు. కాలువ మూతకు డబ్బులిస్తానంటే ఇద్దరూ వద్దన్నారు. ఆ మూతను వాళ్ళ ఊరి మోరీకి వేస్తానన్నాడు యాకూబ్ భాయ్. రజియా పెట్టిన పచ్చిపులుసు, కోడిగుడ్ల కూర తిని ఒకటిన్నరకు బయల్దేరాం. ట్రక్కు కదిలే ముందు అక్క ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తాడ్వాయి చేరేసరికి మూడున్నర దాటింది. పడమటి దిక్కు మబ్బు పట్టింది. వాగులో ఇంకా ఇసుకే ఉంది. నల్లరాయి ముందు బండి ఆపాను. "దిగి నడవనా?" అంది అక్క. ఆమె నడవలేదని ఇద్దరికీ తెలుసు. లో గేరులో వేసి వదిలాను. ముందు చక్రాలు దిగగానే ప్లేటు రాతికి ఆనింది. గర్రుమని పళ్ళు జివ్వుమనే చప్పుడు. బండి ఒక క్షణం ఆగినట్టే ఆగి, జారి, గీసుకుంటూ గీసుకుంటూ అవతలికి దిగింది. అక్క కళ్ళు మూసుకుని ఉంది. "ఆయిల్ కారుతాందా సూడు," అంది తెరవకుండానే. నేల మీద పడుకుని చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. ప్లేటు మీద మూరెడు పొడుగున తెల్లటి గీత పడింది, డాటు దగ్గర చిన్న చీలిక కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది. కంట్లో దుమ్ము పడిందని అక్కతో చెప్పాను.

గూడెంలో మొదటి ఇంటి దడి దగ్గర సమ్మక్క నిలబడి ఉంది. దడి కర్రను ఒక చేత్తో పట్టుకుని, ముఖం మా వైపే తిప్పుకుని ఉంది. మేం వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు, అక్కడ సిగ్నలే లేదు. "వచ్చినవా నర్సమ్మా," అంది, అక్క ఇంకా నోరు తెరవకముందే.

"నీకెవలు చెప్పిండ్రు?" అంది అక్క.

"రాయే చెప్పింది. మొన్న గూడ ఇన్న. ఠంగుమన్నది, ఇగ సప్పుడు లేదు. నా దిక్కు వచ్చే బండి ఎనకకు పోయిందనుకున్న, ఆ పూట బువ్వ తినబుద్ధి కాలే. ఇయ్యాల గీసుకుంట గీసుకుంట దాటింది. ఇంత మొండిగ నా కోసం వచ్చేటోళ్ళు ఇంకెవలున్నరు?"

ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ దడి పక్కన మంచం మీద కూర్చున్నారు. నేను కాస్త దూరంగా బండికి ఆనుకుని ఉండిపోయాను. మర్నాడు పొద్దున తిరిగి బయల్దేరదామని తాళంచెవి తీసుకుంటే అక్క బ్యాగు సర్దలేదు. బీపీ మాత్రలు దీపావళి దాకా సరిపడా తెచ్చుకుందని అప్పుడు చెప్పింది. "ఆమెకు కండ్లు లేవు, నాకు కాళ్ళు లేవు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని ఎల్తది. నువ్వు పో తమ్మీ," అంది. వాదించాను, బతిమాలాను, కోప్పడ్డాను. ఆమె ముఖం చూశాక మానేశాను. ఒక్కణ్ణే రాయి దాటి, వాగు దాటుతుంటే మొదటి చినుకులు అద్దం మీద పడ్డాయి. రాళ్ళబాటల్లో తిరిగే వాళ్ళం టైర్ల గురించి, ఇంజన్ బలం గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. మమ్మల్ని నిజంగా అవతలికి చేర్చింది ఇద్దరు మనుషుల చేతిపని, ఒక పూట తన పని ఆపుకున్న రైతు మంచితనం. ఆ సంగతి తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇలాంటి ప్లేటు చేయించుకునే వాళ్ళకు ఒక్క మాట: మొదటిసారి రాళ్ళు తగిలి వచ్చాక బోల్టులు కొంచెం వదులవుతాయి, ఇంటికి చేరగానే పానా తీసుకుని అన్నీ ఒకసారి బిగించండి. నేను నిన్ననే ఎనిమిదీ బిగించాను. వాగు తగ్గగానే మా అక్కను తెచ్చుకోవాలి.