నిండని ట్యాంకు

మా అత్తగారింట్లో గదులు రెండే. సెప్టిక్ ట్యాంకుకి మాత్రం మూడు. అందుకే ఆ వీధిలో అందరూ ఆవిడని ‘మూడుగదులావిడ’ అంటారు. కొత్తవాళ్ళెవరైనా ఇల్లు వెతుక్కుంటూ వస్తే, పాపం, పేరు విని పెద్ద ఇల్లనుకుని మా గుమ్మం దాటి వెళ్ళిపోతారు. వీధి చివరి దాకా పోయి, తల గోక్కుంటూ వెనక్కి వస్తారు.

ఇళ్ళకి ట్యాంకులు గీసిపెట్టడం ఆవిడ వృత్తి. ఇంజనీరింగు చదువుకుంది. తోటివాళ్ళంతా వంతెనలూ మేడలూ కడతామని పోతే, ఈవిడ మాత్రం అందరూ ముక్కు మూసుకునే చోటే కళ్ళు తెరుచుకుని నిలబడింది. నేను కాపురానికి వచ్చిన రోజున వంటిల్లు చూపిస్తుందేమో అనుకున్నాను. చెయ్యి పట్టుకుని సరాసరి పెరట్లోకి తీసుకెళ్ళి, సిమెంటు మూత ఎత్తి, "వాసన వస్తోందా?" అంది.

నేను ఊపిరి బిగపట్టుకుని తల అడ్డంగా ఊపాను.

"ఊపిరి వదిలి చెప్పమ్మా."

వదిలాను. నిజంగానే పెద్దగా రాలేదు. ఆవిడ మొహం వెలిగిపోయింది. నన్ను కోడలిగా ఒప్పుకున్నది అప్పుడేనని మా ఆయన ఇప్పటికీ ఆటపట్టిస్తాడు.

ఆ మూత దగ్గరే నిలబెట్టి నాకు పాఠం చెప్పింది. మొదటి గదిలో బరువైనది అడుగుకి దిగుతుంది, జిడ్డు పైకి తేలుతుంది. మధ్యలో ఉన్న నీళ్ళు మాత్రమే గొట్టంలోంచి రెండో గది అడుగుకి దిగి, అక్కణ్ణుంచి మెల్లగా పైకి లేవాలి. మూడో గదిలోనూ అంతే. ఆ దారంతా కంటికి కనపడని పురుగులు కూర్చుని మురికిని తింటుంటాయి. వాటిని ఆవిడ ‘మనవాళ్ళు’ అంటుంది. చివరికి నీళ్ళు గులకరాళ్ళ మడిలోకి పోయి మెట్టతామరలకి పారతాయి. నేనోసారి బాత్రూములో యాసిడ్ పొయ్యబోతే, ఎక్కణ్ణుంచి చూసిందో, పరుగున వచ్చి సీసా లాక్కుంది. "లోపల మనవాళ్ళు పని చేస్తుంటే నెత్తిన పోస్తావా?" అని కసిరింది. ఆ ఇంట్లో మనుషులకి సుస్తీ చేసినా అంత కంగారు పడగా చూడలేదు నేను.

ట్యాంకు గీయించుకోవడానికి వచ్చినవాళ్ళకి ఆవిడ వేసే ప్రశ్నలు వినాలి. ఓసారి కొత్తగా ఇల్లు కట్టుకునే మొగుడూ పెళ్ళాలు వచ్చారు. టీ ఇచ్చి కూర్చోబెట్టింది.

"ఇంట్లో స్నానానికి ఎవరు ఎక్కువసేపు తీసుకుంటారు?"

మొగుడు పెళ్ళాం వైపు చూశాడు. పెళ్ళాం మొగుడి వైపు చూసింది.

"పోనీ, పొద్దున్నే ఎవరెవరు ఎన్నిసార్లు వెళ్తారు?"

ఆయనకి టీ కొరబోయింది. "అవన్నీ ఎందుకండీ?" అన్నాడు దగ్గుతూ.

"నా దగ్గర ఇప్పుడు సిగ్గుపడితే తర్వాత వీధిలో పడాల్సి వస్తుంది. చెప్పండి."

చెప్పారు. వెళ్ళేటప్పుడు ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా వెళ్ళారు.

ఇలాంటి మనిషికి దొరికిన వియ్యంకుడు మా నాన్న. అదే నా తలరాత.

మా నాన్న టైలరు. మెడలో టేపు లేకుండా ఆయన్ని నేను చూడలేదు. ఇంటి ముందు గది కొట్టు, వెనకాల పెరడు. పెరట్లో బావి. బావికి రెండు మంచాల దూరంలో బాత్రూము, దాని వెనకే ట్యాంకు. ఆయనకి జీవితంలో రెండే గొప్పలు. ఒకటి, మా బావి నీళ్ళు తియ్యగా ఉంటాయని. రెండోది, ఇల్లు కట్టినప్పట్నుంచీ మా ట్యాంకు నిండలేదని. కొలతలివ్వడానికి వచ్చినవాడు కూడా ఓ గ్లాసు నీళ్ళు తాగి, ట్యాంకు కథ విని గానీ బయటపడేవాడు కాదు. ఈ రెండు గొప్పలూ పక్కపక్కనే ఎందుకున్నాయని ఆయనకి ఎప్పుడూ అనుమానం రాలేదు. మా ఇంట్లో ఏడాది పొడుగునా ఎవరో ఒకరికి కడుపునొప్పి. దానికి అమ్మ వంట కారణమని నాన్న తేల్చేశాడు. అమ్మ కూడా నిజమే కాబోలు అనుకుని ఉప్పూ కారాలు తగ్గించుకుంటూ వచ్చింది.

పెళ్ళయ్యాక అత్తయ్య మొదటిసారి మా పుట్టింటికి వచ్చినప్పుడు నాన్న గాజు గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. ఆవిడ గ్లాసు అందుకుని, "ట్యాంకు ఎప్పుడు తీయించారన్నయ్యగారూ?" అంది.

"తీయించడమా! నిండితే కదా చెల్లెమ్మగారూ! ఇన్నేళ్ళలో చుక్క పైకి రాలేదు."

ఆవిడ గ్లాసుని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది. "దాహంగా లేదండీ" అంది. తర్వాత సంచిలోంచి తన స్టీలు సీసా తీసి గటగటా తాగింది.

నాన్న మొహం మాడిపోయింది. ఆ తర్వాత ఆవిడ ఎన్నిసార్లు వచ్చినా అదే సీసా. వియ్యపురాలు మా ఇంట్లో పచ్చి నీళ్ళు ముట్టదన్న మాట వీధంతా పాకింది. నాన్నకి తల కొట్టేసినట్టయింది. నేనా, ఇద్దరి మధ్యా నలిగాను. అక్కడ వీళ్ళని, ఇక్కడ వాళ్ళని సమర్థించి సమర్థించి నా నోరు ఎండిపోయేది.

పాప పుట్టాక సంగతి ముదిరింది. మనవరాలిని ఓ నెల దగ్గరుంచుకోవాలని నాన్న పడిన ఆరాటం అంతా ఇంతా కాదు. మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి దానికి గౌన్లు కుట్టి పెట్టాడు. అది పెరిగిపోతోంది, గౌన్లు బిగుతైపోతున్నాయి. అత్తయ్య మాత్రం ఒకటే మాట. "చూపించి తీసుకురా. ఆ నీళ్ళు మాత్రం పట్టకు. రాత్రి ఉండకు."

చివరికి ఓ రోజు నాన్న తెగించి అడిగేశాడు. "ఏమిటండీ మా నీళ్ళకి రోగం?"

"రోగం నీళ్ళది కాదు, ట్యాంకుది. దానికి అడుగు వేయించలేదు మీరు. సిమెంటు ఒరలు దింపి ఊరుకున్నారు. అడుగు కుట్టని సంచి ఎంత పోసినా నిండదు. అందులో పోసిందంతా ఎక్కడికి పోతోందో ఎప్పుడైనా ఆలోచించారా?"

"భూమిలోకి."

"బావి ఎక్కడుంది, ఆకాశంలోనా?"

నాన్న ఒంటికాలి మీద లేచాడు. అత్తయ్య కంగారుపడలేదు. సంచిలోంచి చిన్న పొట్లం తీసింది. పొడిగా ఉన్నప్పుడు ఎర్రగా, నీళ్ళలో పడితే పచ్చగా మెరిసే రంగు. నీళ్ళు ఎటు పోతున్నాయో జాడ తియ్యడానికి వాడతారట, ఒంటికి హాని చెయ్యదట.

"దీన్ని మీ బాత్రూములో పోస్తాను. వచ్చే ఆదివారం లోపు బావిలో పచ్చదనం కనపడకపోతే, వీధి మొత్తాన్ని పిలవండి. వాళ్ళందరి ముందు మీ నీళ్ళు తాగుతాను. అమ్మాయీ పాపా నెలంతా ఇక్కడే ఉంటారు."

"కనిపిస్తే?"

"నోరెత్తకుండా నేను గీసిన ట్యాంకు కట్టిస్తారు."

"సరే!" అన్నాడు నాన్న, టేపు సవరించుకుని.

ఆ వారం రోజూ పొద్దున్నే ఫోను. "ఇవాళ కూడా ముత్యాల్లా ఉన్నాయని చెప్పు మీ అత్తయ్యకి!" వెనకాల అమ్మ ఆయాసపడుతూ వచ్చిన చప్పుడు వినిపించేది. ఎక్కణ్ణుంచి వస్తున్నావని అడిగితే, "పెదనాన్నగారింటి నుంచే" అనేది. మర్నాడూ పెదనాన్నగారిల్లే. పెదనాన్న మా నాన్నకి అన్న, వీధి చివర ఉంటాడు. పెద్దమ్మకీ అమ్మకీ అంత స్నేహం ఎప్పుడు కుదిరిందా అని ఆశ్చర్యపోయాను గానీ, అంతకు మించి నా బుర్ర పనిచెయ్యలేదు. అత్తయ్య మాత్రం నా ఫోను కబుర్లన్నీ విని, "ఊఁ" అని ఊరుకునేది.

ఆదివారం వచ్చింది. కొట్టు నిండా జనం. కుట్టు మిషను మీద తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద గ్లాసు పెట్టాడు నాన్న. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆవిడ ఓడిపోతే ఇంట్లో ఎలా ఉంటుందో తలుచుకుని సగం, ఓడిపోతే నెలంతా పుట్టింట్లో ఉండొచ్చన్న సంతోషం దాచుకోలేక సగం.

అత్తయ్య చేతులు కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్ళింది. వచ్చేటప్పుడు ఆవిడ పెదవి చివర చిన్న నవ్వు. ఆ నవ్వు నాకు తెలుసు. ఎవరి పుట్టో మునగబోతోందని అర్థం.

"కానివ్వండి చెల్లెమ్మగారూ" అన్నాడు నాన్న గ్లాసు అందిస్తూ. ఆవిడ మొహం వైపు మాత్రం చూడలేదు.

ఆవిడ గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో నా చంకలోంచి పాపని తీసుకుంది. "ఇంత మంచి నీళ్ళు ముందు పెద్దవాళ్ళం తాగేస్తే ఏం బాగుంటుంది? మొదటి గుక్క మీ మనవరాలిది" అంది. పాప రెండు చేతులతో గ్లాసు పట్టుకుని మూతి ముందుకు చాపింది.

నేను గబుక్కున ముందుకి వంగాను. అప్పుడు చూశాను. గ్లాసు అంచుకి అడ్డంగా అత్తయ్య బొటనవేలు ఉంది. పాప ఎంత లాగినా చుక్క నోట్లో పడదు.

నాన్నకి ఆ వేలు కనపడలేదు. "వద్దు! వద్దమ్మా!" అని అరుస్తూ కత్తిరింపు బల్ల మీంచి దూకినంత పని చేసి గ్లాసు లాగేశాడు. నీళ్ళు ఆయన చొక్కా మీదా, ముందు వరసలో ఉన్న పెద్దమ్మ మీదా పడ్డాయి. పాప బేరుమంది. జనమంతా నోళ్ళు వెళ్ళబెట్టారు.

తడిసిన చొక్కాతో నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. "నాకు నమ్మకం లేదు చెల్లెమ్మా" అన్నాడు. ఆయన ‘గారూ’ అనకుండా ఆవిడని పిలవడం అదే మొదటిసారి.

"ఉంటే కదా!" అంది అమ్మ, వారం రోజుల కోపమంతా బయటపెడుతూ. "ఆవిడ రంగు పోసి వెళ్ళిన సాయంత్రమే బాత్రూముకి తాళం వేశాడీ మనిషి. వాడకపోతే నీళ్ళు పోవు, నీళ్ళు పోకపోతే రంగు కదలదు అన్నాడు. స్నానానికీ అన్నిటికీ బకెట్టు పట్టుకుని పెదనాన్నగారింటికే! వీధిలో నా పరువేం కావాలి?"

"మా ట్యాంకు పొంగింది" అంది పెద్దమ్మ, మొహం తుడుచుకుంటూ.

వీధంతా గొల్లుమంది. నాన్న చెవులు ఎర్రబడ్డాయి.

"నాకిప్పుడే తెలిసింది వదినగారూ. తాళం మీద సాలెపురుగు గూడు కట్టుకుంది" అంది అత్తయ్య అమ్మతో. గెలిచానని చంకలు గుద్దుకోలేదు. పాపని నాన్న చేతికిచ్చి, "మీకు లోపల తెలుసు కాబట్టే తాళం వేశారన్నయ్యగారూ. తెలియనివాడైతే మామూలుగా వాడుకునేవాడు" అంది మెల్లగా. నాకు ఆ క్షణంలో మా అత్తయ్య మీద ఎంత ప్రేమ పుట్టిందో, మా నాన్న మీదా అంతే పుట్టింది.

తాళం తీశారు. మరో రెండు రోజులకి బావి పచ్చగా మెరిసింది. నాన్న చేద లాగి, అందులోకి చాలాసేపు చూసి, అమ్మని పిలిచాడు. "ఇన్నేళ్ళూ నీ వంటని ఊరికే ఆడిపోసుకున్నాను" అన్నాడు. ఆ రాత్రి అమ్మ కూరలో ఉప్పూ కారం దిట్టంగా దట్టించింది. ఎవరూ కిక్కురుమనలేదు.

పెరట్లో బావికి దూరంగా, అవతలి మూల కొత్త ట్యాంకు లేచింది. నోరెత్తకూడదన్న షరతు నాన్నకి ఒక్క పూట కూడా నిలవలేదు. గోడగోడకీ టేపు పెట్టి కొలిచాడు. "ఇక్కడ గొట్టం పొట్టిగా ఉంది, లూజివ్వాలి" అన్నాడు. "చొక్కా కాదండీ ఇది" అని అత్తయ్య కసిరింది. అడుగు వేసి పూత పూసిన రోజున నాన్న నీళ్ళు నింపి, సుద్దముక్కతో గీత గీసి, మర్నాడు చుక్క తగ్గలేదని వీధిలో అందరికీ చూపించాడు. పాత గుంతని ఖాళీ చేయించి పూడ్చారు. బావి తోడించి, మందు కలిపి, వానలు వెళ్ళిపోయేదాకా ఆగి, నీళ్ళు పరీక్షకి పంపారు. ఒకసారి బాగాలేవన్నారు. మళ్ళీ తోడించారు. తర్వాత బాగున్నాయన్నారు. అయినా అత్తయ్య మరోసారి పంపించింది.

పాప ఆ ఇంట్లో నెల కాదు, రెండు నెలలుంది. గౌన్లు అప్పటికే పట్టలేదు. నాన్న వాటి కుట్లు విప్పి, పక్కల్లో గుడ్డ చేర్చి మళ్ళీ కుట్టాడు.

పాప బడికి వెళ్ళే వయసొచ్చింది. ఓ రోజు మా పుట్టింటి ముందు మురికి తోడే లారీ ఆగింది. నాన్న వీధి మధ్యలో నిలబడి, మెడలో టేపుతో, దారినపోయే వాళ్ళందరినీ ఆపి చెబుతున్నాడు. "మా ట్యాంకు నిండింది! చూడండి, లక్షణంగా నిండింది!" పెళ్ళికి పిలుస్తున్నాడా అన్నట్టుంది ఆయన సంబరం.

ఆ సందడికి అత్తయ్య కూడా వచ్చింది. మూతలెత్తి మూడు గదులూ చూసుకుని, ‘మనవాళ్ళు’ క్షేమమని తేల్చుకుని, లోపలికి వచ్చి కూర్చుంది. సంచి కోసం వెతకలేదు. అసలు సంచే తేలేదు.

"అన్నయ్యగారూ, దాహంగా ఉంది."

నాన్న ఒక్క ఉదుటున బావి దగ్గరికి పోయి, అదే గాజు గ్లాసు నిండా తెచ్చాడు. ఆవిడ కింద పెట్టకుండా మొత్తం తాగేసింది. నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిరిగాయని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు, నాకూ తిరిగాయి.

ఆవిడ ఖాళీ గ్లాసు ఇస్తూ మొహం చిట్లించింది. "ఏమిటండీ, తియ్యగా ఉంటాయన్నారు?"

"ఆ తీపంతా మీరే తీయించేశారు కదమ్మా!" అన్నాడు నాన్న.